పత్తి మండీ, మగ్గాల సంఘం: పశ్చిమ కర్నూలులో సమవృత్తుల కూటములు

ఒకే స్థాయి బాధ్యతలు మోస్తున్న వ్యాపార నిర్వాహకులు కొద్దిమంది బృందంగా ఏర్పడి, నియమిత కాలానికొకసారి కలుసుకుని, తమ సంస్థల లెక్కలనూ చిక్కులనూ ఒకరి ముందొకరు విప్పి, సలహాలు ఇచ్చిపుచ్చుకునే పద్ధతిని నేటి వ్యాపార ప్రపంచం ‘మాస్టర్‌మైండ్ గ్రూప్’ అని పిలుస్తున్నది. ఈ పేరుకు ప్రచారం తెచ్చినది 1937లో అమెరికన్ రచయిత నెపోలియన్ హిల్ ప్రచురించిన ‘థింక్ అండ్ గ్రో రిచ్’ అనే పుస్తకం కాగా, అంతకు రెండు శతాబ్దాల ముందే, 1727లో, బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియా నగరంలో చేతివృత్తులవారినీ చిన్న వర్తకులనూ కూర్చి ‘జుంటో’ అనే వారపు సభను నడిపాడు. ఒకే వృత్తివారు సమానులుగా కూర్చుని తమ వృత్తికి తామే దారి వేసుకోవడం తెలుగు నేలకు కూడా పాత అలవాటే. సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల్లో ఈ అలవాటు రెండు భిన్నమైన రూపాలు తీసుకున్నది కనుక, సమానుల కూటమికి నిజమైన బలం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడానికి వీటి చరిత్ర బాగా ఉపకరిస్తుంది.

మధ్యయుగ దక్కనులో వర్తకుల కూటములకు పెద్ద పేరు ‘అయ్యావళి ఐదువందలవారు’. నేటి కర్ణాటకలోని ఐహొళె కేంద్రంగా పుట్టి దక్షిణాపథమంతటా వ్యాపించిన ఈ సంఘానికి తమ సభ్యులందరూ పాటించవలసిన కట్టుబాటు ఉండేది. దానినే శాసనాలు ‘సమయం’ అన్నాయి. తెలుగు శాసనాలలో కనిపించే ‘నకరం’ అనే వర్తక సంఘమూ, ‘పెక్కండ్రు’ అనే వర్తక సమూహమూ ఈ కోవకే చెందుతాయి. సరుకు మీద తమకు తామే రుసుము విధించుకుని ఆలయాలకు సమర్పించిన ఈ వర్తకులు రాజులు మారినా తమ కట్టుబాటును నిలుపుకున్నారు.

బహమనీలు, విజయనగర రాజులు, బీజాపూరు సుల్తానులు పోటీపడిన కోట పట్టణంగా ఆదోని చరిత్రకెక్కింది. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పుడు అది కంపెనీ పాలనలోకి వచ్చి, తరువాత బళ్లారి జిల్లాలో భాగమై, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరుతో పాటు కర్నూలు జిల్లాలో చేరింది. కోట ప్రాధాన్యం తగ్గిన తరువాత ఆ ఊరిని నిలబెట్టింది చుట్టూ ఉన్న నల్లరేగడి. బళ్లారి, కర్నూలు, అనంతపురం ప్రాంతాల పత్తిని మద్రాసు ప్రెసిడెన్సీ వర్తకులు ‘వెస్టర్న్స్’ అనే రకంగా గుర్తించేవారు. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధం వల్ల లాంకషైర్ మిల్లులకు పత్తి కరువై భారతీయ పత్తికి ఎన్నడూ లేని ధర పలికింది. 1871లో మద్రాసు, బొంబాయి రైలు మార్గాలు రాయచూరు వద్ద కలవడంతో ఆదోని నేరుగా రెండు రేవులకూ దగ్గరయింది. గింజను వేరుచేసే జిన్నింగ్ కర్మాగారాలూ, దూదిని బేళ్లుగా బిగించే ప్రెస్సులూ వెలసి, 1901 నాటికి 30,416 జనాభా గల ఆదోని వ్యాపారపు జోరులో ‘రెండో బొంబాయి’ అనిపించుకునే దారి పట్టింది.

ఇటువంటి మండీలో వ్యాపారం నడిచేది పరపతి మీద. రైతు తెచ్చిన సరుకును అమ్మిపెట్టి కమీషను తీసుకునే మండీదారు, ఆ రైతుకే విత్తనాల కాలంలో అప్పిచ్చి, కొనుగోలుదారుకు గడువు ఇచ్చి, ఇద్దరి మధ్యా పూచీగా నిలిచేవాడు. ఎవరి మాట నమ్మదగినది, ఎవరి చెల్లింపు ఆలస్యమవుతున్నది, బొంబాయి ధర ఎటు మొగ్గుతున్నది అనే సమాచారమే మండీదారుల కూటమికి ప్రాణం. అయితే ఆ సమాచారం వర్తకుల వలయం దాటి పత్తి తెచ్చిన రైతుకు చేరేది కాదు. భారతదేశపు మండీలలో విస్తృతంగా సాగిన గుడ్డచాటు బేరం, అంటే తువాలు కింద చేతివేళ్లు పట్టుకుని ధర తెలిపే పద్ధతి, ఈ గోప్యతకు స్పష్టమైన గుర్తు. 1933 నాటి మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం, ఆ తరువాత 1966 నాటి ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం, మార్కెట్ కమిటీలో రైతుకు కూడా చోటు కల్పించి, తూకాన్నీ కమీషనునూ నియమానికి లోబరచి, వర్తకుల లోపలి మాటను బహిరంగ వ్యవహారంగా మార్చే ప్రయత్నం చేశాయి. వర్తకుల కూటమి సమర్థమైనదే. కానీ దాని సమానత్వం కొనేవారి మధ్యనే ఆగిపోయింది.

ఎమ్మిగనూరులో కథ వేరు. అక్కడి నేతగాళ్లు నూలు కోసం సావుకారు మీద ఆధారపడేవారు. నూలు అరువిచ్చినవాడే బట్టను తన ధరకు తీసుకునేవాడు కనుక మగ్గం సొంతమైనా నేతగాడు కూలివాడుగానే మిగిలేవాడు. మిల్లుబట్ట పోటీ ఈ బంధాన్ని మరింత బిగించిన రోజుల్లో, 1938లో, మాచాని సోమప్ప చొరవతో ఎమ్మిగనూరు చేనేతకారుల సహకార సంఘం ఏర్పడింది. వాటా సొమ్ము చెల్లించి సభ్యుడైన నేతగాడికి సంఘం నూలు ఇచ్చి, నేసిన బట్టను తిరిగి తీసుకుని, కూలి చెల్లించి, అమ్మకపు బాధ్యతను తానే వహించే ఈ ఏర్పాటులో నూలు ధర ఎంత, అమ్మకపు ధర ఎంత, నడుమ మిగిలినదెంత అనే మూడు ప్రశ్నలకు జవాబు లెక్క పుస్తకంలోనే ఉండేది. సర్వసభ్య సమావేశంలో ఆ పుస్తకం గురించి అడిగే హక్కు నేతగాడికి దక్కడమే ఈ సంస్థ సాధించిన అసలు మార్పు. మగ్గం గుంటలో కూర్చున్న మనిషి తన వృత్తి ఆర్థిక వ్యవహారాన్ని మొదటిసారి ఆద్యంతం చూడగలిగాడు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో నూలు కొరత ఏర్పడి, 1943లో బట్ట, నూలు నియంత్రణ ఉత్తర్వు వెలువడినప్పుడు, మద్రాసు ప్రెసిడెన్సీలో నూలు పంపిణీకి సహకార సంఘాలు ముఖ్యమైన మార్గమయ్యాయి. సంఘంలో ఉన్నవాడికి నూలు దొరకడమే బతుకుతెరువు దొరకడమయింది. సోమప్పకు భారత ప్రభుత్వం 1954లో పద్మశ్రీ ప్రకటించింది. తొలి పద్మ పురస్కారాల సంవత్సరంలోనే ఒక చేనేత సంఘ నిర్మాతకు ఈ గౌరవం దక్కిందంటే, పశ్చిమ కర్నూలు ప్రయోగానికి దేశం ఎంత విలువ ఇచ్చిందో గ్రహించవచ్చు.

నేటి వ్యాపార నిర్వాహకుడు సమానుల బృందంలో చేరేటప్పుడు సహజంగా వెతికేది పరిచయాలూ ధరల సూచనలూ. ఆదోని మండీ కూటమి వాటిని పుష్కలంగా ఇచ్చింది. నష్టాన్ని కూడా పదిమంది ముందు చెప్పగలిగే చోటు దొరకడం అంతకన్నా అరుదు, అది దొరకాలంటే సభ్యులందరి లెక్కలూ ఒకే బల్ల మీదికి రావాలి. ఎమ్మిగనూరు నేతగాళ్లు ఆ పని తమ సంఘం ద్వారా చేశారు. ఈ రెండు పట్టణాల మండీ ఖాతాలు, సంఘాల తీర్మానాల పుస్తకాలు మిగిలి ఉన్నంతవరకు సేకరించి, చెదపట్టకముందే భద్రపరచి, పరిశోధకులకు అందుబాటులోకి తేవడం కర్నూలు జిల్లా విద్యాసంస్థలు ఇక ఆలస్యం చేయకూడని పని.