పోకెమాన్ రెడ్, గ్రీన్: బగ్గులెక్కడ, బలమెక్కడ?

మన టెస్టింగ్ టీము చేతికి 1996 నాటి పోకెమాన్ రెడ్, గ్రీన్ ఆటలిస్తే రిలీజుకి ఛస్తే ఒప్పుకోరు. బగ్గుల పుట్ట! అయినా జపాను పిల్లలు ఎగబడి ఆడారు. ఎందుకంటారు?

ఈ ఆట తయారుచేసిన సతోషి తజిరి చిన్నప్పుడు టోక్యో శివార్లలోని మచిదాలో పురుగులు పట్టి దాచుకునేవాడు. 1989లో గేమ్‌బాయ్ వచ్చింది. రెండు గేమ్‌బాయ్‌లని కలిపే కేబులుని అప్పట్లో టెట్రిస్ లాంటి ఆటల్లో పోటీకే వాడేవారు. తజిరికి మాత్రం ఆ తీగ వెంట ఒక పురుగు ఇటునుంచి అటు పాకుతున్నట్టు తోచింది. గేమ్ ఫ్రీక్ అనే ఆయన చిన్న కంపెనీ దీనిమీద ఆరేళ్ళు కుస్తీ పట్టింది.

అసలు బలమంతా ఆ ఆలోచనలోనే ఉంది. రెడ్‌లో దొరికే కొన్ని జీవులు గ్రీన్‌లో దొరకవు, గ్రీన్‌వి రెడ్‌లో దొరకవు. కడాబ్రా, హాంటర్ లాంటివి చేతులు మారితేగానీ తర్వాతి రూపానికి ఎదగవు. అంటే పక్కవాడితో మార్పిడి చెయ్యకుండా సేకరణ పూర్తికాదు.

ఇక కోడు సంగతి. నూటికి నూరుపాళ్ళు తగలాల్సిన దెబ్బ 256 సార్లలో ఒకసారి గురి తప్పుతుంది. 0 నుంచి 255 దాకా వచ్చే రాండమ్ నంబరుని 255తో పోలుస్తూ 'తక్కువైతేనే' అని రాశారు మరి! మనలో ఈ తప్పు చెయ్యనివాళ్ళెవరు? 'ఫోకస్ ఎనర్జీ' వాడితే గట్టి దెబ్బ తగిలే అవకాశం పెరగాల్సిందిపోయి నాలుగోవంతుకి పడిపోతుంది. సైకిక్ రకానికి దెయ్యాలంటే భయమని ఆటలో ఒకరు చెబుతారు, తీరా చూస్తే దెయ్యం దెబ్బ దానిమీద అసలు పనిచెయ్యదు. దాంతో సైకిక్‌కి అడ్డే లేకుండా పోయింది.

1998లో అమెరికాలో వచ్చిన రెడ్, బ్లూల్లో ఇంకో వింత. ముసలాయన పట్టడం నేర్పించేటప్పుడు ఆటగాడి పేరుని తాత్కాలికంగా అడవి జీవుల డేటా ఉండేచోట దాస్తారు. వెంటనే సిన్నబార్ తీరానికెళ్తే ఆ పేరులోని అక్షరాలే జీవులనుకుని ఆట చదివేస్తుంది. అలా పుట్టిందే 'మిస్సింగ్‌నో'. అది కనబడితే సంచీలో ఆరో వస్తువు 128 పెరుగుతుంది. పిల్లలకి ఈ బగ్గు పండగే అయింది!

డీబగ్ సాధనాలు తీసేశాక మిగిలిన దాదాపు 300 బైట్ల సందులో షిగెకి మోరిమోతో 'మ్యూ'ని దూర్చాడు. టెస్టింగయ్యాక కోడు ముట్టుకోవడం! మనమైతే ఉద్యోగం ఊడేది. తర్వాత మ్యూని 20 మందికి ఇస్తామని ప్రకటిస్తే 78,000 దరఖాస్తులొచ్చాయి.

నా దృష్టిలో అసలు లోపం వీటిలో ఏదీ కాదు. రెండు గేమ్‌బాయ్‌లు, రెండు ఆటలు, ఒక కేబులు, ఒక స్నేహితుడు ఉండాలి. ఇవి లేని పిల్లాడికి ఆ సేకరణ ఎప్పటికీ అసంపూర్తే. ఏది బలమో అదే బలహీనత. 2006లో డైమండ్, పెర్ల్ వచ్చాక ఇంటర్నెట్లో ముక్కూమొహం తెలియనివాళ్ళతో మార్చుకునే వీలొచ్చింది. లోపం తీరింది, కానీ కేబులు పట్టుకుని పక్కన కూర్చోవాల్సిన అవసరం కూడా తీరిపోయింది.

కోడులో బగ్గుకి ప్యాచ్ వెయ్యొచ్చు. ఇలాంటిదానికి ప్యాచ్ వేస్తే ఏం పోతుందో ముందే చూసుకోవాలేమో. మీరేమంటారు?