అక్బరు పాదుషా తుది సైగ

1605 అక్టోబరులో ఆగ్రాకోటలో అక్బరు పాదుషా అతిసారముతో మంచము పట్టినాడు. కుమారుడు సలీము 1600లో తిరుగబడి అలహాబాదులో వేరుకొలువు తీర్చినవాడు. 1602లో తండ్రి ఆప్తమిత్రుడగు అబుల్ ఫజలును చంపించినవాడు. ఆ సంగతి తన స్వీయచరిత్రలో తానే దాచక వ్రాసికొన్నాడు. సలీమా బేగము రాయబారమువలన, 1604లో నాయనమ్మ హమీదాబాను మరణమువలన రాకపోకలు సాగినవి గాని, మనసులు కలిసినవని మేము చెప్పజాలము.

మాన్‌సింగు, అజీజు కోకా మనుమడైన ఖుస్రూకు పట్టము కట్టజూచినారు. కోటకు పోవుటకు సలీము జంకినాడు. ఆ జంకు అకారణము కాదు. తుదకు వచ్చి తండ్రి పాదములకు మ్రొక్కినాడు. పాదుషాకు అప్పటికే మాట పడిపోయినది. తలపాగా ధరింపుమనియు, కత్తి నడుమున కట్టుకొమ్మనియు సైగ చేసినాడట. అసద్ బేగు అను ఉద్యోగి వ్రాసిపెట్టిన వృత్తాంతమిది. అది రాజనీతియే అనువారు కలరు. మాకు మాత్రము ఆ సైగలో తండ్రియే కనిపించును.

1606 ఏప్రిలులో ఖుస్రూ తన తండ్రిపై తిరుగబడినాడు.