పెరుగు, చద్దన్నం, ప్రోబయోటిక్‌లు: ఏది ఆహారం, ఏది మందు?

పిల్లవాడికి యాంటీబయాటిక్ రాసిన డాక్టరు ఒక్కోసారి ప్రోబయోటిక్ పొట్లం కూడా రాస్తారు. గాంధీపురం మందుల దుకాణంలో దాని ధర చూసి, "ఇంట్లో పెరుగుంది కదా, ఇదెందుకు?" అని మన పెద్దవాళ్లు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే.

ప్రోబయోటిక్ అంటే
తగిన మోతాదులో తీసుకుంటే ఆరోగ్యానికి మేలు చేసే, ప్రాణమున్న సూక్ష్మజీవులు. 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణులు చెప్పిన అర్థమిది. బతికి ఉండాలి, మోతాదు ఉండాలి, మేలు రుజువు కావాలి.

పేగుల్లో జరిగేది
మన రోగనిరోధక కణాల్లో పెద్ద భాగం పేగుల చుట్టూనే ఉంటుంది. అక్కడి మంచి బ్యాక్టీరియా చెడ్డవాటికి చోటు దక్కనివ్వదు. మనం తిన్న పీచును పులియబెట్టి పేగు గోడ కణాలకు ఆహారం తయారుచేస్తుంది. ఎవరితో పోరాడాలో, ఎవరిని వదిలేయాలో రోగనిరోధక కణాలకు నేర్పుతుంది.

మన వంటింట్లో
పెరుగు, మజ్జిగలో బ్యాక్టీరియా బతికే ఉంటుంది. తమిళంలో పళయ సోరు అనే మన చద్దన్నంలోనూ అంతే, వేడి చేయకుండా తింటే. ఇడ్లీ పిండి పులిసినా, ఆవిరికి బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది. ఇడ్లీ తేలిగ్గా అరుగుతుంది, కానీ ప్రోబయోటిక్ కాదు. ఇక తోడు ఇంటింటికీ వేరు. అందులో ఏ రకం, ఎంత ఉందో లెక్క లేదు. అందుకే పెరుగు మంచి ఆహారమే, మోతాదు తెలిసిన మందు మాత్రం కాదు.

రకం ఎందుకు ముఖ్యం
ఆంధ్ర పొరుగున ఉన్న ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులపై జరిగిన పరిశోధన 2017లో వెలువడింది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారం అనే బ్యాక్టీరియాలో ఎంచిన ఒక రకాన్ని, దానికి ఆహారమయ్యే చక్కెరతో కలిపి వారం రోజులు ఇచ్చారు. రక్తంలో ఇన్‌ఫెక్షన్ లేదా మరణం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గింది. ఆ ఫలితం ఆ రకానిదే. దుకాణంలోని ప్రతి పొట్లానికీ అది వర్తించదు.

జాగ్రత్త
నెలలు నిండని పసిబిడ్డలకు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికి, అవయవ మార్పిడి చేయించుకున్నవారికి డాక్టరును అడగకుండా ప్రోబయోటిక్ ఇవ్వకండి. బలహీనమైన ఒంట్లో ఆ బ్యాక్టీరియాయే రక్తంలోకి చేరవచ్చు.

మిగతా ఇళ్లలో రోజూ మజ్జిగ, పప్పులు, కూరగాయలు, సజ్జ అంబలి మానకుండా ఉంటే చాలు. పొట్లం రాసినప్పుడు మాత్రం "ఏ రకం, ఎన్ని రోజులు, ఎందుకు?" అని మనమే అడుగుదాం.