కౌమారానికి తెరచిన తలుపులు

మా కేంద్రానికి వచ్చే ఉత్తరాలలో ఒక ప్రశ్న మాటిమాటికి కనిపిస్తూ ఉంటుంది. పదునైదేండ్ల పిల్లవాడు బడి మానినాడు, ఇంట నోరు విప్పడు, అడిగితే కసరుకుంటాడు. ఎవరికి చూపవలెను? వ్రాసినది తల్లి కావచ్చును, మేనమామ కావచ్చును. పేరు మాత్రం ఉండదు. పోలీసులంటే భయం, ఆసుపత్రి అంటే సిగ్గు. ఈ భయం అకారణమైనది కాదు. దానికొక చరిత్ర ఉన్నది.

విశాఖపట్టణం మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో, 1850లో, కుంపిణీ ప్రభుత్వం అప్రెంటిసుల చట్టం చేసినది. 10 నుండి 18 ఏండ్ల లోపు పిల్లలను వృత్తి నేర్చుకొనుటకు ఒప్పందం వ్రాసి ఒకరికి అప్పగించవచ్చునని దాని సారాంశం. తలిదండ్రులు విడిచిన బీదపిల్లలకు, దేశదిమ్మరితనానికో చిల్లర నేరానికో శిక్షపడిన వారికి మేజిస్ట్రేటే సంరక్షకుడై ఆ పని చేయవచ్చును. మగపిల్లలను ఓడల యజమానుల వద్ద సముద్రపు కొలువుకు పంపుటకు కూడా అందులో వీలున్నది. రేవు పట్టణాలవారు గమనింపదగిన నిబంధన. ఆదరణకూ అదుపునకూ ఆనాడు భేదం లేదు.

తరువాత వచ్చినవి సంస్కరణ పాఠశాలలు. 1897 నాటి చట్టం ప్రకారం 15 ఏండ్ల లోపు బాలనేరస్థుని జైలుకు బదులు 3 మొదలు 7 ఏండ్ల వరకు అక్కడ ఉంచవచ్చును. మద్రాసు రాజధానిలో అటువంటి పాఠశాల చెంగల్పట్టులో ఉండేది. విశాఖ నుండి 800 కిలోమీటర్ల పైమాట. కూలి చేసుకొనే తల్లికి కొడుకును చూచిరావడమంటే కాశీయాత్రతో సమానం. పైగా అక్కడ ఊరివారి భాష తమిళం.

1920లో మద్రాసు రాజధాని బాలల చట్టం చేసినది. దేశంలో ఇట్టిది ఇదే మొదటిది. బొంబాయి 1924లో గాని చేయలేదు. నేరం చేయని దిక్కులేని బిడ్డ కూడా దాని పరిధిలోనికి వచ్చినాడు. గొప్ప అడుగే. ఐనను తలుపు మాత్రం కోర్టు తలుపే. దొంగిలించినవాడూ తిండిలేనివాడూ ఒకే గుమ్మం ముందు నిలువవలసి వచ్చినది.

ఇంతలో ఊరు మారినది. 1933లో రేవు తెరచినారు. పిమ్మట ఓడల నిర్మాణశాల, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం వచ్చినవి. 1951లో లక్షకు కొంచెం మించిన జనసంఖ్య 2011 నాటికి 17 లక్షలు దాటినది. పల్లెలో పిల్లవాడు పెడదారి పడితే తాతయో మేనమామయో చెయ్యిపట్టుకొని ఇంటికి తెచ్చేవారు. (పల్లెను మరీ పొగడనక్కరలేదు, అక్కడ తరచు దెబ్బయే మందు.) తండ్రి రాత్రి షిఫ్టుకు పోయిన క్వార్టరులో ఆ మేనమామ ఎక్కడ?

నేరం చేసినవారిని బాలల న్యాయస్థానానికి, ఆదరణ లేనివారిని సంక్షేమ మండలికి వేరుచేసినది 1986 చట్టం. 2000లో వచ్చిన చట్టం బాలుర వయోపరిమితిని 16 నుండి 18కి పెంచినది. అందులోనే, ఎక్కువమంది చదివి ఉండని ఒక చిన్న మాట ఉన్నది: బాలల సంక్షేమ కమిటీ ఎదుటకు పోలీసులో సంఘసేవకులో తీసుకొని రావడమే గాక, బిడ్డ తనంత తానుగా కూడా రావచ్చును. 2015 చట్టం ఆ మాటను నిలుపుకొన్నది. మేజిస్ట్రేటు పట్టి అప్పగించిన పిల్లవాడు, స్వయంగా తలుపు తట్టుటకు 150 ఏండ్లు పట్టినది.

ఇక ఆసుపత్రి సంగతి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల బ్రిటిషు కాలపు పిచ్చివారి శరణాలయంగా పుట్టినది. ఆ పేరు ఊరి నాలుక మీద నుండి ఇంకా పోలేదు. సిగ్గు అక్కడిది. వైద్యునికి చూపించినంత మాత్రాన చేర్చవలసిన పనిలేదు. చేర్చవలసి వచ్చినను, మైనర్లను పెద్దలనుండి వేరుగా ఉంచవలెనని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం విధించినది.

గడప దాటలేని వారికి టెలిఫోను ఉన్నది. బాలల కొరకు 1996లో బొంబాయిలో ప్రారంభమైనది 1098. మనోవ్యథ కలవారికి 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ 14416, రాత్రింబవళ్లు, తెలుగులో కూడా పలుకుతుంది. పేరులేని ఆ ఉత్తరాలకు రేడియోలో జవాబు చెప్పినప్పుడు మేము మొదట చదివినవి ఈ రెండు సంఖ్యలే. నిదానంగా, రెండుసార్లు చదివినాము.