నంబరు వేసిన రాళ్ళు

పాత పేట చూడాలంటే సందులన్నీ తిరగాలంటారు. హైదరాబాదులో చార్మినారు దగ్గర దిగితే చాలు, ఏ సందులో దూరినా నాలుగువందల ఏళ్ళు కాళ్ళకి అడ్డం పడతాయి. కాని ఊళ్ళకి ఊళ్ళు నీళ్ళల్లో ఉండిపోయి, గుళ్ళు మాత్రం గట్టెక్కి కూర్చున్న చోట పాత పేటని ఎక్కడ వెతకాలి? నాగర్‌కర్నూలు జిల్లాలో కొల్లాపూర్, సోమశిల వైపు వెళితే ఎదురయ్యే ప్రశ్న ఇదే.

ముందు కొల్లాపూర్ నుంచే మొదలుపెడదాం. ఊళ్ళో కోట, కోటలో చంద్రమహలు. జటప్రోలు సంస్థానాన్ని ఏలిన సురభివారి ఇల్లు అది. వాళ్ళ మొదటి రాజధాని కృష్ణ ఒడ్డునున్న జటప్రోలు. 19వ శతాబ్దంలో అది కొల్లాపూర్‌కి మారింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ వంశంలో కత్తితో పాటు గంటమూ పట్టినవాళ్ళున్నారు. 17వ శతాబ్దంలో సురభి మాధవరాయలు స్వయంగా 'చంద్రికా పరిణయం' అనే ప్రబంధం రాశాడు. చిన్న సంస్థానమని తీసిపారేసే వీల్లేదు.

అదే ఊళ్ళో మాధవస్వామి గుడి ఉంది. చూడగానే, 'అబ్బ, వందల ఏళ్ళుగా ఇక్కడే నిలబడి ఉంది కదా' అనుకుంటాం. కాదు! అది మంచాలకట్టలో కృష్ణ ఒడ్డున పుట్టిన గుడి. ఇక్కడికి వలస వచ్చింది.

ఎందుకొచ్చిందంటే, శ్రీశైలం డ్యామువల్ల. 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. జలాశయంలో నీళ్ళు 885 అడుగుల మట్టం దాకా నిలబడేలా కట్టారు. 1981 నాటికి ఊళ్ళు ఖాళీ చేయించారు. పాలమూరు, కర్నూలు జిల్లాలు రెండింటిలో కలిపి వందకు అటూ ఇటూగా ఊళ్ళు, దాదాపు లక్షమంది జనం. ఆ నీళ్ళతో కరెంటు పుట్టింది, పొలాలు తడిశాయి. కాదనను. మన ఇళ్ళల్లో వెలిగిన బల్బుల్లో ఆ ఊళ్ళ వాటా కూడా ఉంది.

అప్పుడు పురావస్తు శాఖవాళ్ళు గుళ్ళని విప్పారు. విప్పడమంటే పడగొట్టడం కాదు. ఒక్కొక్క రాయికీ నంబరు వేసి, ఏది ఎక్కడిదో పటం గీసుకుని, జాగ్రత్తగా దించి, కొత్త చోట అదే వరుసలో పేర్చడం. జటప్రోలు మదనగోపాలస్వామి అలాగే కదిలాడు. కూడవెల్లి సంగమేశ్వరుడు ఆలంపురం చేరాడు. రూపాల సంగమేశ్వరుడు కర్నూలు జగన్నాథగట్టు ఎక్కాడు. సోమశిలలో లలితా సోమేశ్వరస్వామికీ, చుట్టూ ఉన్న చిన్న గుళ్ళకీ మిట్ట మీద చోటు దొరికింది. ఎంత ఓపిక, ఎంత శ్రద్ధ! చెయ్యెత్తి దండం పెట్టాల్సిన పని.

మరి ఇళ్ళో? ఇంటి రాళ్ళకి నంబరు ఎవరు వేశారు? ఏ గడప పక్కన ఏ గడప ఉండేదో పటం ఎవరు గీశారు? గోడకింత, కప్పుకింత, బావికింత అని లెక్క కట్టొచ్చు. పొద్దున్నే నిప్పు అడగడానికొచ్చే పొరుగింటావిడకి ఖరీదు కట్టే కాలమ్ ఏ ఫారంలోనూ ఉండదు. గుడి ఎక్కడ పేర్చినా గుడే. పేట అలా కాదు, మనుషులు చెదిరితే పేట చెదిరినట్టే. ముంపు కుటుంబాలకి ఉద్యోగాలిస్తామని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. రాళ్ళకి వేసిన నంబర్లు ఏళ్ళలోనే పని పూర్తిచేశాయి. ఈ నంబరు పట్టుకుని జనం దశాబ్దాలు తిరిగారు.

నది వెడల్పయ్యాక అవతలి ఒడ్డు కూడా దూరమైంది. నీళ్ళకి ఇటూ అటూ చుట్టరికాలున్నవాళ్ళకి పుట్టి, పడవే దారి. 2007లో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి 60 మంది దాకా పోయారు. సోమశిల నుంచి అవతల సిద్ధేశ్వరానికి వంతెన కావాలన్న కోరిక వెనక ఈ కన్నీళ్ళున్నాయి. లాంచీ ఎక్కి ఫొటోలు తీసుకునేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంటే మంచిది.

వెళ్ళదలిస్తే ఎండాకాలంలో వెళ్ళండి. ఎండకి భయపడతారేమో, ఫరవాలేదు, కొల్లాపూర్ మామిడిపళ్ళు కూడా అప్పుడే వస్తాయి. నీళ్ళు తగ్గాక అవతలి వైపు సప్తనదీ సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. అందులో లింగం వేపకర్రది. ఏటా నెలల తరబడి నీళ్ళల్లో ఉండి కూడా చెక్కుచెదరలేదు. జనం పడవల్లో వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వస్తారు.

అప్పుడే అక్కడక్కడా పాత ఊళ్ళ పునాదులు కూడా తేలుతాయి. వాటికి కొబ్బరికాయ కొట్టేవాళ్ళుండరు. ఆ పరిసరాల్లో ముసలివాళ్ళెవరైనా కనిపిస్తే, "మీ పాత ఊరు ఏ దిక్కున ఉండేది పెద్దమ్మా?" అని అడిగి చూడండి. నీళ్ళకేసి చెయ్యి చాపి, ఎవరిల్లు ఎవరింటి పక్కనో వరసగా చెప్పుకుపోతారు. ఏ శాఖా గియ్యని పటం అదే. చెప్పేవాళ్ళు ఉండగానే వెళ్ళి వినాలి.