నర్సింగ్‌లో పీహెచ్‌డీ చేయాలా? నెట్‌లో ఆ సబ్జెక్టే లేదు.. మరి అడ్మిషన్ ఎలా? పూర్తి వివరాలు

ఇబ్రహీంపట్నం (రంగారెడ్డి జిల్లా): ఎంఎస్సీ నర్సింగ్ పూర్తయింది. ఏదో ఒక కాలేజీలో ట్యూటర్‌గానో, అసిస్టెంట్ ప్రొఫెసర్‌గానో ఉద్యోగం దొరికింది. పొద్దున్నే సాగర్ హైవే మీద సిటీ బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేది చీకటి పడ్డాకే. ఇంతలో పీహెచ్‌డీ చేయడం కుదురుతుందా? ఎవరు అర్హులు? నోటిఫికేషన్లు ఎక్కడ వస్తాయి? ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల వైపు నుంచి నర్సింగ్ చదివిన అమ్మాయిల్లో చాలామందికి ఉన్న డౌట్ ఇదే. రూల్స్ తెలియక కొందరు ఏళ్లు పోగొట్టుకుంటుంటే, ఇంకొందరు ఏజెంట్ల మాట నమ్మి లక్షలు పోగొట్టుకుంటున్నారు. ఆ వివరాలేంటో ఇప్పుడు చూద్దాం.

ముందు ఒక మాట. నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం బీఎస్సీ నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపల్‌కు కావాల్సింది ఎంఎస్సీ నర్సింగ్, దాని తర్వాత 15 ఏళ్ల అనుభవం. అందులో 12 ఏళ్లు బోధనలో ఉండాలి. పీహెచ్‌డీ మాత్రం 'ఉంటే మంచిది' అని రాసి వదిలేశారు. కాబట్టి ప్రమోషన్ కోసమే అయితే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. రీసెర్చ్ గైడ్ కావాలన్నా, పెద్ద సంస్థల్లో పరిశోధన పోస్టులకు వెళ్లాలన్నా, మన ఆసుపత్రుల్లో పని తీరు మార్చే ప్రశ్న ఒకటి మీ దగ్గర ఉన్నా అప్పుడు దారి ఇదే.

మార్కులు ఎన్ని ఉండాలి?

దేశంలో పీహెచ్‌డీలన్నింటికీ యూజీసీ 2022 నవంబర్‌లో కొత్త నిబంధనలు తెచ్చింది. మాస్టర్స్‌లో కనీసం 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంటుంది. అంటే 50 శాతం ఉన్నా సరిపోతుంది. ఇది కనీస హద్దు మాత్రమే. దీనిపైన ప్రతి యూనివర్సిటీ తన సొంత రూల్స్ రాసుకుంటుంది. ఎంఎస్సీ తర్వాత ఇన్నేళ్ల అనుభవం కావాలని కొన్నిచోట్ల అడుగుతారు. ఆ లెక్క ఒక్కో నోటిఫికేషన్‌లో ఒక్కోలా ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడే పాయింట్ ఒకటుంది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం వస్తే నేరుగా పీహెచ్‌డీకి వెళ్లొచ్చని అవే నిబంధనల్లో ఉంది. బీఎస్సీ నర్సింగ్ కూడా నాలుగేళ్లే కదా, మరి ఎంఎస్సీ ఎందుకు అని అడుగుతున్నారు. యూజీసీ తలుపు తెరిచిన మాట నిజమే. కానీ నర్సింగ్ పీహెచ్‌డీ నోటిఫికేషన్లు సాధారణంగా ఎంఎస్సీ నర్సింగే అడుగుతాయి. బీఎస్సీతోనే ట్రై చేద్దామనుకునేవారు ఫీజు కట్టే ముందు అర్హతల పేజీ ఒక్కసారి పూర్తిగా చదవాలి. మార్కులతో పాటు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కూడా లైవ్‌లో ఉండాలి. బెంగళూరులోనో, మంగళూరులోనో చదివి అక్కడి కౌన్సిల్‌లోనే పేరు ఉంచేసుకున్నవాళ్లు తెలంగాణ కౌన్సిల్‌కు మార్చుకునే పని ముందే పెట్టుకుంటే మంచిది. చివరి నిమిషంలో అయ్యే పని కాదది.

నెట్ రాయొచ్చా?

2024 మార్చిలో యూజీసీ ఒక ప్రకటన చేసింది. ఇకపై నెట్ స్కోరుతోనే పీహెచ్‌డీలో చేరొచ్చని, స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుందని చెప్పింది. అది విని నర్సింగ్ వాళ్లు కూడా నెట్ అప్లికేషన్ తెరిచారు. తీరా చూస్తే సబ్జెక్టుల జాబితాలో నర్సింగ్ లేనే లేదు. దగ్గరగా ఉన్నది సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్. అందులో క్వాలిఫై అయినా నర్సింగ్ విభాగంలో సీటుకు పనికొస్తుందా లేదా అన్నది ఆ యూనివర్సిటీనే తేల్చాలి.

దీంతో నర్సింగ్ వాళ్లకు మిగిలింది యూనివర్సిటీలు పెట్టే ఎంట్రన్స్ టెస్టే. యూజీసీ నిబంధనల ప్రకారం అందులో సగం ప్రశ్నలు రీసెర్చ్ మెథడాలజీ, మిగతా సగం సబ్జెక్టు. పాస్ కావాలంటే 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవారికి 45 శాతం రావాలి. ఆ తర్వాత ఇంటర్వ్యూ. ఇక్కడా 70, 30 లెక్కే.

ఎంఎస్సీ అయి ఐదారేళ్లు దాటినవాళ్లు ఎక్కువగా తడబడేది మెథడాలజీలోనే. శాంపిలింగ్, స్టడీ డిజైన్లు, ఏ డేటాకు ఏ టెస్ట్ వాడాలి, వాలిడిటీ, రిలయబిలిటీ.. ఇవన్నీ మళ్లీ తిరగేయాలి. పోలిట్, బెక్ రాసిన నర్సింగ్ రీసెర్చ్ పుస్తకం ఎంఎస్సీలో చదివే ఉంటారు. దాన్నే మళ్లీ బయటకు తీయండి.

అసలు అడ్డంకి గైడ్ దగ్గరే!

ఎంట్రన్స్ పాసయ్యాక కూడా సీటు రాని వాళ్లున్నారు. కారణం గైడ్ ఖాళీ లేకపోవడం. నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ కింద ఒకేసారి 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ కింద 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ కింద 4 మంది స్కాలర్లే ఉండాలి. ఆ గైడ్‌కు సొంతంగా పీహెచ్‌డీ ఉండాలి. ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్ అయితే కనీసం ఐదు, అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే కనీసం మూడు పరిశోధన వ్యాసాలు మంచి జర్నల్స్‌లో వచ్చి ఉండాలి. రిటైర్మెంట్‌కు మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు.

ఇప్పుడు లెక్క వేయండి. ఒక కాలేజీలో గైడ్‌గా గుర్తింపు ఉన్న ప్రొఫెసర్ ఒక్కరే ఉన్నారనుకుందాం. ఆమె దగ్గర 8 మంది ఉన్నారు, అందరూ ఉద్యోగం చేసుకుంటూ ఐదారేళ్లు తీసుకునేవాళ్లే. అలాంటప్పుడు ఏడాదికి ఖాళీ అయ్యేది ఒకటో, రెండో సీట్లు. నోటిఫికేషన్ వచ్చాక గైడ్ కోసం వెతకడం మొదలుపెడితే లేటయినట్టే. ముందే ఎవరు ఏ అంశం మీద పనిచేస్తున్నారో వాళ్ల వ్యాసాలు చదివి తెలుసుకుని, మెయిల్ పెట్టి, ఖాళీ ఉందో లేదో కనుక్కోవాలి. 'మేడమ్, నాకు గైడ్‌గా ఉంటారా' అని ఒక్క లైన్ పంపితే జవాబు రాదు. రెండు పేజీల ప్రపోజల్ జత చేయాల్సిందే.

ఆ ప్రపోజల్ గురించి కాస్త నిష్ఠూరంగా అనిపించినా చెప్పాలి. మన దగ్గర ఎంఎస్సీ థీసిస్‌లు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. ఏదో ఒక అంశం మీద స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్, 60 మంది శాంపిల్, ముందొక ప్రశ్నాపత్రం, తర్వాతొక ప్రశ్నాపత్రం, మార్కులు పెరిగాయి అన్న ముగింపు. పాఠం చెప్తే మార్కులు పెరుగుతాయని నిరూపించడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. అదే మోడల్‌ను 60 నుంచి 200 మందికి పెంచి తీసుకెళ్తే ఇంటర్వ్యూలో నిలబడటం కష్టం.

ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది అంటే, మన ఊళ్లోనే. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగిన కుటుంబ నియంత్రణ క్యాంపు ఇక్కడెవరూ మర్చిపోలేదు. ఒకే రోజు 34 మంది మహిళలకు డీపీఎల్ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే నలుగురు ప్రాణాలు కోల్పోయారు. ఇన్ఫెక్షనే కారణమని తేలడంతో మిగతావాళ్లను హైదరాబాద్ ఆసుపత్రులకు తరలించి చికిత్స చేయించారు. ఎవరి మీద చర్యలు తీసుకున్నారన్నది వేరే విషయం. ఒక నర్సు పరిశోధకురాలిగా చూస్తే అందులో ఎన్నో ప్రశ్నలున్నాయి. క్యాంపు రోజుల్లో ఒక ఆపరేషన్‌కూ ఇంకో ఆపరేషన్‌కూ మధ్య పరికరాల స్టెరిలైజేషన్‌కు నిజంగా ఎంత టైమ్ దొరుకుతోంది? ఆపరేషన్ తర్వాత ఎన్ని గంటలకు ఒకసారి బీపీ, పల్స్ చూస్తున్నారు? ఇంటికి పంపాక జ్వరం, కడుపునొప్పి వస్తే ఆ మహిళ మొదట ఎవరికి చెబుతోంది, ఏఎన్ఎంకా, ఆశాకా, పక్కింటావిడకా? ఆ కబురు డాక్టర్‌కు చేరేసరికి ఎన్ని గంటలు పోతున్నాయి? ఇవి వార్డులో నిలబడ్డ నర్సుకు మాత్రమే తట్టే ప్రశ్నలు. గైడ్ వెతికేది ఇలాంటి వాళ్ల కోసమే.

ఉద్యోగం వదలాలా?

అక్కర్లేదు. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి యూజీసీ అనుమతి ఉంది. కాకపోతే పనిచేసే చోటు నుంచి ఎన్‌వోసీ తేవాలి. అందులో మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి. పార్ట్‌టైమ్‌గా చదువుకోవడానికి అనుమతిస్తున్నామని, పరిశోధనకు సరిపడా సమయం ఆమె డ్యూటీలో దొరుకుతుందని, అవసరమైతే కోర్స్‌వర్క్ కోసం రిలీవ్ చేస్తామని. ప్రైవేటు కాలేజీల్లో ఈ మూడో లైన్ దగ్గరే పేచీ వస్తుంది. మేనేజ్‌మెంట్‌తో ఆ మాట ముందే తేల్చుకోకపోతే, సీటు వచ్చాక ఉద్యోగమా చదువా అన్న పరిస్థితి వస్తుంది. కోర్స్‌వర్క్ 12 నుంచి 16 క్రెడిట్లు. అందులోనూ 55 శాతం రావాలి.

కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లలో థీసిస్ ఇవ్వాలి. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు దొరుకుతాయి. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి అదనంగా మరో రెండేళ్లు, అంటే మొత్తం పదేళ్ల వరకు గడువుంటుంది. అంతేకాదు, మెటర్నిటీ లేదా చైల్డ్ కేర్ లీవ్ కింద మొత్తం కాలంలో 240 రోజుల వరకు తీసుకోవచ్చు. నర్సింగ్‌లో ఉన్నది ఎక్కువగా మహిళలే అయినా, ఈ రూల్ ఉందని చాలామందికి తెలియదు. పెళ్లయిందనో, పాప పుట్టిందనో మధ్యలో మానేసినవాళ్లు గడువు నిజంగా అయిపోయిందో లేదో ఒకసారి యూనివర్సిటీలో కనుక్కోండి.

మనుషుల మీద చేసే పరిశోధన కాబట్టి ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా డేటా సేకరించకూడదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలే దీనికి ఆధారం. క్లినికల్ ట్రయల్ అయితే మొదటి పేషెంట్‌ను చేర్చుకోక ముందే సీటీఆర్ఐలో రిజిస్టర్ చేయాలి. ఈ అనుమతులకే నెలలు పడుతుంది. టైమ్‌టేబుల్‌లో అది కూడా వేసుకోండి.

ఎక్కడ చూడాలి?

తెలంగాణలో నర్సింగ్ కాలేజీలు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు హెల్త్ యూనివర్సిటీ పరిధిలో ఉన్నాయి. విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, బెంగళూరులోని రాజీవ్ గాంధీ హెల్త్ యూనివర్సిటీ, నిమ్‌హాన్స్, ఢిల్లీ ఎయిమ్స్ వెబ్‌సైట్లు కూడా చూస్తూ ఉండాలి. మెంటల్ హెల్త్ నర్సింగ్ వాళ్లకు నిమ్‌హాన్స్ మంచి ఛాన్స్. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రాజీవ్ గాంధీ యూనివర్సిటీతో కలిసి నేషనల్ కన్సార్షియం ఫర్ పీహెచ్‌డీ ఇన్ నర్సింగ్‌ను నడుపుతోంది. ఎస్టీ అభ్యర్థులు ఫుల్‌టైమ్‌లో చేరితే కేంద్ర గిరిజన శాఖ ఇచ్చే నేషనల్ ఫెలోషిప్‌కు అప్లై చేసుకోవచ్చు.

ఇక 'వెళ్లనక్కర్లేదు, రాయనక్కర్లేదు, రెండేళ్లలో డాక్టరేట్ ఇంటికొస్తుంది' అనే ఫోన్ కాల్స్ సంగతి. డిస్టెన్స్, ఆన్‌లైన్ పీహెచ్‌డీలు 2022 నిబంధనల ప్రకారం చెల్లవు. విదేశీ యూనివర్సిటీల పేరుతో ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ 2022 అక్టోబర్‌లోనే హెచ్చరించాయి. 2025 జనవరిలో యూజీసీ రాజస్థాన్‌లోని మూడు ప్రైవేటు యూనివర్సిటీలు.. ఓపీజేఎస్, సన్‌రైజ్, సింఘానియా.. పీహెచ్‌డీ నిబంధనలు పాటించలేదంటూ 2025-26 నుంచి 2029-30 వరకు ఐదేళ్ల పాటు కొత్త స్కాలర్లను చేర్చుకోకుండా నిషేధించింది. రెండేళ్లు అన్న మాట వినగానే ఫోన్ పెట్టేయొచ్చు, కనీస గడువే మూడేళ్లు కాబట్టి.

అమెరికా వెళ్లాలనుకునేవాళ్లు ఒక తేడా గమనించాలి. అక్కడ పీహెచ్‌డీ వేరు, డీఎన్‌పీ వేరు. మొదటిది పరిశోధన కోసం, రెండోది క్లినికల్ ప్రాక్టీస్ కోసం. రెండింటికీ 'డాక్టరేట్' అనే అంటారు కాబట్టి కన్సల్టెన్సీల దగ్గర ఏ కోర్సులో చేర్పిస్తున్నారో పేరు పెట్టి అడగాలి.

అప్లికేషన్ నింపేటప్పుడు..

పది సర్టిఫికెట్ నుంచి ఎంఎస్సీ మార్కుల మెమోల దాకా, రిజిస్ట్రేషన్, అనుభవం సర్టిఫికెట్లు, ఎన్‌వోసీ, మైగ్రేషన్, ప్రపోజల్ స్కాన్ చేసి ఒకచోట పెట్టుకోండి. రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ ఉంది కదా అని కేంద్ర సంస్థలకు అదే పెడితే చెల్లదు. ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ ఫార్మాట్ వేరు, మీసేవలో విడిగా అప్లై చేయాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ అయితే పాతది కాకుండా ఆ ఏడాదిదే ఉండాలి. ఇంకో చిన్న విషయం. విజయవాడ పక్కన ఎన్టీఆర్ జిల్లాలోనూ ఒక ఇబ్రహీంపట్నం ఉంది, జగిత్యాల జిల్లాలో ఇంకొకటి. అడ్రస్‌లో ఊరు పేరుతో పాటు రంగారెడ్డి జిల్లా, తెలంగాణ, పిన్ 501506 అని పూర్తిగా రాయండి. లేదంటే హాల్ టికెట్ ఉత్తరం ఒకచోటికి, మీరు ఇంకోచోట!