పాత కారు వెనుక కిర్రుమనే శబ్దం: మూలాన్ని గుర్తించడం ఎలా?

స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ పాత కారు వెనుక భాగం కిర్రుమంటే, గ్యారేజీలో తరచూ వినిపించే మాట ‘షాక్ అబ్జార్బర్లు పోయాయి’ అనేదే. జత మార్పించి డబ్బు చెల్లించిన కొద్ది రోజులకే అదే శబ్దం మళ్లీ వినిపించడం కూడా అరుదు కాదు. షాక్ అబ్జార్బర్ బలహీనపడితే కారు అదుపు లేకుండా ఊగుతుంది, గతుకుల్లో టకటకమని దెబ్బ తగిలిన చప్పుడు వస్తుంది. సన్నగా, సాగినట్లు వచ్చే కిర్రు శబ్దానికి ఎక్కువగా కారణం ఎండి గట్టిపడిన రబ్బరు బుష్, లేదా ఒకదానితో ఒకటి రాసుకునే ఇనుప పట్టీలు.

ఎక్కడ వెతకాలన్నది కారు నిర్మాణాన్ని బట్టి మారుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 వరకు తయారైన అంబాసిడర్‌లో వెనుక ఇరుసు బరువును కమాన్ కట్టలు మోస్తాయి. ప్రీమియర్ పద్మిని, మారుతీ ఓమ్నీ, జిప్సీలలోనూ వెనుక ఇదే ఏర్పాటు. కారు గుంతలో దిగినప్పుడు కట్టలోని పట్టీలు వంగుతూ ఒకదానిపై ఒకటి జారుతాయి. వాటి మధ్య దుమ్ము, బురద, తుప్పు చేరితే పాత తలుపు తెరిచినట్లు చప్పుడు చేస్తాయి. కట్ట రెండు కొసల్లోని బుష్‌లు అరిగినా ఇదే ధ్వని వస్తుంది.

మారుతీ స్విఫ్ట్, హ్యుందాయ్ ఐ20 వంటి తర్వాతి తరం కార్లలో కమాన్ కట్టలు లేవు. రెండు వెనుక చక్రాలను కలిపే టోర్షన్ బీమ్ ముందువైపు రెండు పెద్ద రబ్బరు బుష్‌ల మీద కదులుతుంది. ఈ బుష్‌లో రబ్బరు లోహపు గొట్టానికి అతుక్కుని ఉంటుంది. అది జారదు, మెలితిరుగుతుంది. ఏళ్లు గడిచి ఆ అతుకు ఊడితే రబ్బరు లోహంపై జారడం మొదలై కిర్రుమంటుంది.

అయితే కారు కిందకు చూసే ముందు డిక్కీ ఖాళీ చేయడం మంచిది. సరిగా బిగించని స్టెప్నీ, జాకీ, వెనుక సీటు కొక్కెం, డిక్కీ తలుపు రబ్బరు కూడా సస్పెన్షన్ చప్పుడును తలపిస్తాయి. గతుకులు లేని నున్నటి రోడ్డుపైనా చక్రం తిరిగే వేగంతో పాటు శబ్దం మారుతుంటే బ్రేకులను, బేరింగ్‌ను అనుమానించాలి.

ఆ తర్వాత కారును చదునైన చోట నిలిపి, ఒకరు వెనుక ఒక మూలను లయగా నొక్కి వదులుతుంటే మరొకరు పక్కన కూర్చుని వినాలి. ఇంజిన్ ఆపి ఉంటుంది కాబట్టి శబ్దం ఏ వైపు నుంచి వస్తుందో తేలిగ్గానే తెలుస్తుంది. నొక్కి వదిలాక కారు ఒకసారి పైకి లేచి కుదురుకోవాలి. రెండు మూడు సార్లు ఊగినా, షాక్ అబ్జార్బర్ ఒంటిపై నూనె కారిన మరక ఉన్నా అప్పుడు దాన్ని మార్చే సంగతి ఆలోచించవచ్చు.

ఏ బుష్ అన్నది తేల్చేందుకు ఖర్చులేని పరీక్ష నీళ్లు. అనుమానమున్న ఒక్క బుష్‌పైనే నీళ్లు చిలకరించి మళ్లీ నొక్కాలి. శబ్దం ఆగి, తడి ఆరాక తిరిగి వస్తే మూలం దొరికినట్లే. అన్ని చోట్లా ఒకేసారి తడిపితే పరీక్షకు అర్థం ఉండదు. వానల్లో మూగబోయి, ఎండలు ముదరగానే తిరిగి వచ్చే శబ్దం కూడా ఇదే కథ చెబుతుంది. ఈ పని కోసం జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందకు దూరడం ప్రాణాంతకం. ర్యాంప్ గానీ, గట్టి స్టాండ్లు గానీ తప్పనిసరి.

చాలామంది చేసే పొరపాటు బుష్‌లపై డీజిల్, వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోయడం. శబ్దం కొన్నాళ్లు ఆగుతుంది, కానీ నూనె పీల్చుకున్న సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. సిలికాన్ స్ప్రే రబ్బరుకు హాని చేయదు; అది కూడా తాత్కాలిక ఉపశమనమే. ఏ స్ప్రే అయినా బ్రేక్ డ్రమ్‌లోకి చేరితే ఆ చక్రానికి బ్రేకు పట్టదు.

కిర్రు శబ్దం ఒక్కటే ఉంటే తొందర లేదు. దానికి దడేల్‌మనే చప్పుడు తోడైతే మాత్రం ప్రయాణం ఆపాలి. రెండు వైపులా చక్రం మధ్య నుంచి పైనున్న మడ్‌గార్డ్ అంచు వరకు కొలిస్తే తేడా బయటపడుతుంది. ఒక వైపు బాగా కుంగి ఉంటే కమాన్ పట్టీ గానీ, స్ప్రింగ్ అడుగు చుట్టు గానీ విరిగి ఉండవచ్చు. విరిగిన స్ప్రింగ్ కొస టైరును కోసేయగలదు. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ బిగించిన పాత కార్లలో ఆ బరువు స్ప్రింగులపై నిత్యం పడుతూనే ఉంటుంది. అక్కడ ఈ కొలత మరింత అవసరం. స్ప్రింగులను ఎప్పుడూ జతగానే మార్చాలి.

కొత్త బుష్ వేయించేటప్పుడు మెకానిక్‌ను తప్పక అడగాల్సింది ఒకటుంది. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బోల్టును పూర్తిగా బిగిస్తే, కారు నేలకు దిగగానే రబ్బరు మెలితిరిగిపోయి ఎప్పుడూ ఆ ఒత్తిడిలోనే ఉండిపోతుంది. బరువు చక్రాలపై పడ్డాకే చివరి బిగింపు వేయాలి. మార్చిన కొన్ని నెలలకే బుష్ మళ్లీ కిర్రుమంటే, నకిలీ విడిభాగాన్ని నిందించే ముందు ఈ సంగతి విచారించాలి.